పిల్లలకూ ఒక సంఘం

డిసెంబరు దగ్గరపడితే సూరత్‌లో పెళ్లి బ్యాండ్లకు ఎంత గిరాకీయో, డాన్సు మాస్టర్లకూ అంత గిరాకీ. బళ్లలో వార్షికోత్సవాల కాలం అది. ఏ బడికి వెళ్లినా కార్యక్రమం వరస ఇంచుమించు ఒకటే: గణపతి ప్రార్థన, ఒక దేశభక్తి పాట, ఒక ఘూమర్, ఒక గర్బా, ఆఖర్న సినిమా పాటల కలగూరగంప. పాట ఎంచేది మాస్టరు. దుస్తులు అద్దెకు ఇచ్చేది దుకాణం. ముందు వరసలో ఎవరుండాలో తేల్చేది టీచరు. పిల్లలు వారాల తరబడి అడుగులు నేర్చి నాలుగైదు నిమిషాలు ఆడతారు. బాగానే ఆడతారు కూడా. రాత్రి పాళీ మానుకుని వచ్చిన తండ్రి సెల్‌ఫోన్‌లో వీడియో తీసి, ఊళ్లో ఉన్న నాయనమ్మకు పంపుతాడు.

ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కానీ ఆ సాయంత్రం మొత్తంలో పిల్లలు తమంతట తాముగా తేల్చుకున్న విషయం ఒక్కటైనా ఉందా అని వెతికితే మాత్రం ఏమీ దొరకదు.

ఇదే సూరత్‌లోని పర్వత్ పాటియానే చూడండి. అది నగరానికి తూర్పున, బార్డోలీ వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. ఒకప్పుడు పర్వత్ అనే పల్లెకు తోవ చీలిన చోటు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, చీరల గోదాములు, పార్సిల్ మూటలు మోసే టెంపోలు. వానలు గట్టిగా పడి మీఠీ ఖాడీ పొంగిన ఏడాది ఈ చుట్టుపక్కల గల్లీల్లోకి నీళ్లు వస్తాయి. ఇక్కడ మార్వాడీ వ్యాపారి, సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుటుంబం, ఖాందేశ్ మరాఠీలు, ఒడిశా, యూపీ, బిహార్ కార్మికులు ఒకరి పక్కన ఒకరు బతుకుతారు. వాళ్ల నడుమనే తెలుగువాళ్లు. లింబాయత్, గోడాదరా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పద్మశాలీలు ఎక్కువ. తెలంగాణలో చేతిమగ్గం చితికిపోయాక షోలాపూర్, భివండీ, సూరత్ దారులు పట్టినవాళ్ల పిల్లలు, మనవలు. సూరత్‌వాళ్లు మరమగ్గాల కార్ఖానాను ఖాతా అంటారు. మనవాళ్లు లోపలున్న మగ్గాలను సాంచెలంటారు. పన్నెండు గంటల పాళీ, వారానికోసారి పగలు రాత్రి మారడం, ఇంట్లో ఆడవాళ్లు చీరలకు రాళ్లు అతికించడం, దారాలు కత్తిరించడం – ఈ పనుల సందుల్లోనే పిల్లల చదువు సాగుతుంది.

ఈ ఊరి మునిసిపాలిటీకి ఒక ప్రత్యేకత ఉంది. సూరత్ నగర ప్రాథమిక విద్యా సమితి బళ్లు గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లిష్, ఒడియా, తెలుగు – ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో తెలుగు మాధ్యమం ఉండాలా వద్దా అని కొట్లాడుకుంటున్న రోజుల్లోనూ, తాపీ నది ఒడ్డున ఒక నగరపాలక సంస్థ తెలుగులో అ ఆలు దిద్దిస్తోంది. మగ్గాల కోసం వచ్చినవాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే బడి ఉండాలని ఎవరో ఒకప్పుడు అడిగి ఉంటారు. ఒక్కడు అడిగితే పని జరిగేది కాదు. పదిమంది కలిసి, కాగితం మీద సంతకాలు పెట్టి అడిగితేనే ఆఫీసుల్లో అటువంటి పనులు కదులుతాయి.

తెలుగువాడు పరాయి ఊరు వెళ్తే ముందు అద్దె గది వెతుకుతాడు, తర్వాత సంఘం పెడతాడు. సూరత్‌లోనూ అంతే. కుల సంఘం, ఊరి సంఘం, పండుగ కమిటీ. మార్కండేయ జయంతికి ఊరేగింపు, దసరా ముందు బతుకమ్మ, చందాల పుస్తకం, జమాఖర్చులు చదివే రోజున అరుపులు, అలిగి బయటికి పోయినవాళ్లు మళ్లీ వచ్చి పందిరి గుంజలు పట్టుకోవడం. వీళ్లెవరూ సభ నడపడం ఎలాగో పుస్తకంలో చదువుకోలేదు. చేసి నేర్చుకున్నారు. ఈ సంఘాల్లో పిల్లలకూ చోటుంది, అయితే అది కుర్చీలు మోసేచోటు, మైకు దగ్గర ‘హలో, హలో’ అనేచోటు, వేదిక మీద ఆడి దిగిపోయేచోటు. నడిపేది పెద్దలు. బడిలోనూ అంతే, గుడి పందిట్లోనూ అంతే.

పిల్లలు నడిపితే ఏమవుతుందో చెప్పడానికి సూరత్ కంటే మంచి ఊరు దొరకదు. ఎందుకంటే ఈ ఊరి కవి తన బహిరంగ జీవితం మొదలుపెట్టిందే ఒక విద్యార్థి సంఘంతో.

నర్మద్ అని అందరూ పిలిచే నర్మదాశంకర్ దవే 1833 ఆగస్టు 24న సూరత్‌లో పుట్టాడు. గోపీపురా ఆమ్లీరాన్‌లో ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. ఊళ్లోని పెద్ద గ్రంథాలయానికీ, విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే. ఆయన పుట్టినరోజునే గుజరాతీ భాషా దినంగా జరుపుకుంటారు. ఇంత పేరు రాకముందు, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చదువుకుంటున్న రోజుల్లో, పదిహేడేళ్ల ప్రాయంలో, తోటి కుర్రవాళ్లతో కలిసి బుద్ధివర్ధక సభను నడిపాడు. 1850–51 నాటి సంగతి. అక్కడ ఆయన చేసిన ప్రసంగం పేరు ‘మండళీ మళవాథీ థతా లాభ్’. మండలిగా కూడితే కలిగే లాభాలు ఏమిటన్నదే విషయం. గుజరాతీలో ఆధునిక వ్యాసానికి ఆ ప్రసంగమే మొదలు అని సాహిత్య చరిత్రల్లో రాసుకున్నారు. ఒక భాషలో వ్యాసం అనే ప్రక్రియ పుట్టింది పండితుల గదిలో కాదు, మీసాలు మొలుస్తున్న పిల్లల మీటింగులో. వాళ్లు మాట్లాడుకున్నది కూడా మీటింగు పెట్టుకోవడం గురించే.

అంతకు కొంచెం ముందే, 1848లో, అదే విద్యాసంస్థలో విద్యార్థుల సాహిత్య వైజ్ఞానిక సంఘం ఏర్పడింది. దాదాభాయి నౌరోజీ వంటివాళ్లు అందులో ఉన్నారు. వ్యాసాలు చదువుకోవడానికి పెట్టుకున్న సంఘం అది. ఏడాది తిరిగేసరికి ఆ కుర్రవాళ్లు ఆడపిల్లలకు బళ్లు తెరిచారు. ముందు తామే వెళ్లి పాఠాలు చెప్పారు. వ్యాసాలు చదువుకోవడానికీ, ఆడపిల్లల బడికీ ఏం సంబంధం? పదిమంది ఒకచోట కూర్చుని ఒక విషయం మీద వాదించుకోవడం అలవాటైతే, ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు ‘అయితే మనమే చేద్దాం’ అంటారు. సంబంధం ఆ మాటలో ఉంది.

తెలుగు కథ కూడా దీనికి దూరం కాదు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులను కూడగట్టి నాటకాలు ఆడించారు. ఆధునిక తెలుగు రంగస్థలం తొలి అడుగులు వేసింది బడి పిల్లల కాళ్లతోనే. అప్పటికి తెలుగు నాటకానికి అంటూ ఒక హాలు లేదు, అద్దెకిచ్చే కిరీటాలు లేవు, కొరియోగ్రాఫరు అసలే లేడు. ఒక పంతులుగారు, కొందరు కుర్రవాళ్లు. ఆ తర్వాత పుష్కరం తిరిగాక, 1892లో, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు కన్యాశుల్కం ఆడేనాటికి ‘సభ’ పేరుతో నాటకం ఆడటం మామూలు సంగతి అయిపోయింది.

పర్వత్ పాటియాలో తెలుగు బడికి పోయే పిల్లకు ఇలా రెండు వైపుల నుంచీ ఆస్తి దక్కుతుంది. తాతముత్తాతల భాషలో నాటకం, తను పుట్టిన ఊరి భాషలో వ్యాసం – రెండూ విద్యార్థి సంఘాల్లోనే కళ్లు తెరిచాయి. ఆ పిల్లకు మాత్రం నర్మద్ పేరు ఒక పరీక్ష ప్రశ్నగా, వీరేశలింగం పేరు ఒక ఖాళీ పూరించే వాక్యంగా అందుతుంది.

గుజరాత్‌లోనే ఇంకొకాయన ఈ బట్టీ చదువు బాధను బాగా ఎరిగినవాడు. గిజుభాయి బధేకా వకీలుగా ఉండి, ఆ వృత్తి వదిలి పిల్లల చదువులోకి వచ్చాడు. 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరం ప్రారంభించాడు. ఆయన ‘దివాస్వప్న’ను తెలుగు పంతుళ్లు ‘పగటికల’గా చదువుకున్నారు. అందులో ఒక ఉపాధ్యాయుడు నాలుగో తరగతిని ఏడాది పాటు తన పద్ధతిలో నడుపుతానని అధికారిని ఒప్పించి వస్తాడు. మొదటి రోజు ఎంతో ఆశతో పిల్లల చేత మౌనం ఆట ఆడించబోతాడు. పిల్లలు నవ్వుతారు, అరుస్తారు, తరగతి సంతలా తయారవుతుంది. చేసేది లేక సెలవు ఇచ్చి ఇళ్లకు పంపేస్తాడు. మర్నాడు కథ మొదలుపెడితే ఆ పిల్లలే కదలకుండా కూర్చుంటారు. కథలు నాటకాలవుతాయి. బట్టీ పట్టిన సంభాషణలు ఉండవు, కథ తెలుసు కాబట్టి మాట దానంతట అదే వస్తుంది. పుస్తకంలో మిగతా టీచర్లు అడిగే ప్రశ్నలు ఇవాళ్టి స్టాఫ్ రూముల్లోనూ వినపడతాయి: సిలబస్ ఎప్పుడవుతుంది, పరీక్షల మాటేమిటి, ఇదంతా ఆటే కదా?

ఆ ప్రశ్నలను కొట్టిపారేయనక్కర్లేదు. గుజరాత్‌లో మొదటి టర్ము పరీక్షలు దీపావళి సెలవుల ముందు వస్తాయి. నవరాత్రి కూడా ఆ దాపుల్లోనే. తెల్లవారేదాకా గర్బా ఆడిన పిల్ల పొద్దున లెక్కల పరీక్ష రాయాలి. 2018లో రాష్ట్ర ప్రభుత్వం బళ్లకు నవరాత్రి సెలవులు ఇచ్చి చూసింది. మరుసటి ఏడే ఆ పద్ధతి ఎత్తేసింది. కళకూ క్యాలెండరుకూ పొత్తు కుదర్చడం ప్రభుత్వాలకే కష్టమైంది. పాళీ డబ్బుతో ఫీజు కట్టే తండ్రి ‘నాటకాలు తర్వాత, ముందు మార్కులు తే’ అంటే, అతను కళాద్వేషి అని తేల్చేయడం అన్యాయం. సాంచె దగ్గర నిలబడి అతని కాళ్లు నొస్తున్నాయి. కొడుకు కాళ్లు నొయ్యకూడదని అతని తాపత్రయం.

అయితే పిల్లలు నడుపుకునే సంఘం అడిగే సమయం వార్షికోత్సవం మింగేంత ఉండదు. శాంతినికేతన్‌లో పిల్లలు నిర్వహించే సాహిత్య సభ మంగళవారం సాయంత్రాల్లో జరుగుతుంది. అక్కడ వారపు సెలవు బుధవారం, కాబట్టి మర్నాటి హోంవర్కు బెంగ లేదు. తాము రాసినది తామే చదువుతారు, పాడతారు, ఆడతారు. బయటినుంచి మాస్టరు రావక్కర్లేదు, దుస్తుల అద్దె లేదు. తెలంగాణ, ఆంధ్ర సర్కారు బళ్లలో బాలసభ అనే మాట పాతదే. శనివారం మధ్యాహ్నం, చివరి పీరియడు, వేపచెట్టు కింద, ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, వందన సమర్పణ. చాలాచోట్ల అది రిజిస్టర్లో మాత్రమే జరుగుతుంది. నిజంగా జరిగిన చోట ఏం పుట్టిందో చూడాలంటే సిద్దిపేట జిల్లా జక్కాపూర్ వైపు చూడాలి. అక్కడి సర్కారు బడి పిల్లలు రాసిన కథలు పుస్తకంగా వచ్చాయి. ఆ తోవలో ఇంకా ఎన్నో బళ్లు పిల్లల కథల సంకలనాలు వేశాయి. అనంతపురం సీమలో చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో ‘కొత్తపల్లి’ అనే పిల్లల మాసపత్రిక మొదలైంది. కథలూ బొమ్మలూ చాలావరకు పిల్లలవే. కరువు సీమలో ఒక చిన్న ఊరి పేరు దేశవిదేశాల్లో తెలుగు పిల్లలకు తెలిసింది అలాగే. అంతకు చాలా ముందు, 1945లో, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసు నుంచి ‘బాల’ పత్రిక తెచ్చారు. మైకు ముందుకు పిల్లలనే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడించారు.

సూరత్ బడికి ఇంకో వెసులుబాటు ఉంది. అది భాషలది. తెలుగు పిల్ల ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడుతుంది. 2023లో వచ్చిన చట్టం ప్రకారం గుజరాత్‌లో ఏ మాధ్యమం బడిలోనైనా ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు గుజరాతీ నేర్పాలి. దీన్ని కొందరు బరువు అంటారు. గోడపత్రిక నడిపే పిల్లలకు మాత్రం ఇది సరుకు. తెలుగు పిల్ల అమ్మమ్మ చెప్పిన కథ రాస్తుంది. పక్క గదిలోని మరాఠీ పిల్లవాడు దాన్ని గుజరాతీలో తిరగరాస్తాడు. ఒడియా పిల్ల బొమ్మ గీస్తుంది. ఒకే చార్టు మీద రెండు లిపులు, ఒక బొమ్మ. ఏ వరసలో అతికించాలన్న తగువు తప్పదు. ఆ తగువు తీర్చుకోవడంలో ఉన్న పౌరశాస్త్రం పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయంలోనూ లేదు.

పండుగల్లోనూ ఇదే పని దొరుకుతుంది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. మర్నాడు పాడ్యమికి గుజరాతీల నవరాత్రి మొదలు. సద్దుల బతుకమ్మ దాకా ఒకే గల్లీలో రెండు వలయాలు తిరుగుతాయి. రెండింటా ఆడవాళ్లే ముందు, రెండింటా చప్పట్లే తాళం, రెండింటి నడుమ అమ్మవారే. గర్బా 2023 డిసెంబరులో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకు ఎక్కింది. బతుకమ్మ పాటలేమో సూరత్‌లో తల్లుల గొంతుల్లో ఉన్నాయి. సూరత్‌లో పుట్టిన కూతుళ్లకు అడుగు తెలుసు, చప్పట్ల లెక్క తెలుసు. పాట రెండు చరణాలు దాటితే పెదవులు కదిలిస్తారు, అంతే. తంగేడు దొరక్కపోతే బంతితో సరిపెట్టుకోవచ్చు. మరచిపోయిన పాటకు మాత్రం బదులు దొరకదు. ఒక్కో పిల్ల తన వాడకట్టులో ఒక్కో అమ్మ దగ్గర కూర్చుని పాట రాసుకుని రావడం బడి సాహితీ సంఘానికి సరిగ్గా తగిన పని. కరీంనగర్ అమ్మ పాడే వరసకూ, నల్లగొండ అమ్మ పాడే వరసకూ తేడా ఎందుకుందో ఆ పిల్లలు తమలో తామే వాదించుకుంటారు. జానపద సాహిత్య పరిశోధన పెద్దలు చేసినా ఇలాగే మొదలవుతుంది.

విధానాల మాటకొస్తే కొరత ఏమీ లేదు. 2015 నుంచి కేంద్రం పాఠశాలల కోసం కళా ఉత్సవ్ నడుపుతోంది. గుజరాత్‌కు కళా మహాకుంభ్ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం పాఠ్య, పాఠ్యేతర అనే గోడ వద్దంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి నడుమ ఎప్పుడైనా పిల్లలను పది రోజులు సంచి లేకుండా రమ్మంది. ఇవన్నీ మంచివే. కానీ కళా ఉత్సవ్ లాంటివి పోటీలు. పోటీకి బడి నుంచి పోయేది ఇద్దరు ముగ్గురు. ఇప్పటికే బాగా పాడేవాళ్లు, బాగా గీసేవాళ్లు. సంఘంలో పాడటం రానివాడికీ పని ఉంటుంది. చందా లెక్క రాసేవాడు, తెర లాగేవాడు, హాలు ఊడ్చే వంతులు వేసేవాడు, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు మొహమాటం లేకుండా చదివేవాడు. ఆ పనుల్లో ఆడపిల్లల వంతు కూడా చూసుకోవాలి. సూరత్‌లో పుట్టిన నాటకకర్త చంద్రవదన్ మెహతా ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి గుజరాతీ రంగస్థలంతో గొడవపడ్డాడు. ఇవాళ బళ్లలో వేషాలకు ఆడపిల్లల కొదవ లేదు. కోశాధికారి ఎన్నికలో ఎంతమంది ఆడపిల్లల పేర్లు వస్తాయో చూడాలి.

అసలు చిక్కు పిల్లలతో కాదు, పెద్దలతో. బీరువా తాళం ఒక పన్నెండేళ్ల పిల్లకు ఇవ్వాలంటే టీచరు చేయి వెనక్కి పోతుంది. రంగుల డబ్బాలు పోతే సంజాయిషీ రాయాల్సింది ఆమే మరి. పిల్లలు ఎంచుకున్న నాటకం బాగోదని ముందే తెలిసినా నోరు కట్టేసుకోవడం ఇంకా కష్టం. మొదటి మీటింగులో అధ్యక్ష పదవికి పదిమంది లేస్తారు, కార్యదర్శికి ఒక్కరూ లేవరు. రెండో మీటింగుకు సగం మంది రారు. మూడోదానికి అలిగినవాళ్లు వేరే సంఘం పెడతామని బెదిరిస్తారు. సూరత్‌లో ఏ తెలుగు సంఘం చరిత్ర తీసినా ఈ మూడు ఘట్టాలూ కనిపిస్తాయి కాబట్టి, తల్లిదండ్రులు ఆశ్చర్యపోనక్కర్లేదు.

గుజరాత్ బళ్లు జూన్‌లో తెరుస్తారు. ఆగస్టు 24న నర్మద్ జయంతి నాటికి గోడపత్రిక తొలి సంచిక ఎక్కాలంటే జూన్ నెలాఖరుకైనా ఎన్నిక అయిపోవాలి. జూలైలో ఖాడీ పొంగి కొన్నాళ్లు బడి మూతపడే ప్రమాదాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. కావలసిన సామాను: చార్టులు, జిగురు, ఒక మందపాటి రిజిస్టరు, వారానికి ఒక పీరియడు. తెలుగు పేజీలో తప్పులు దిద్దేవాళ్లు బడిలో దొరక్కపోతే తల్లుల్లో చదువుకున్నవాళ్లను పిలవొచ్చు. దారాలు కత్తిరించే పని ఒక పూట ఆపి వచ్చిన ఆ తల్లికి టీ ఇప్పించే ఖర్చు ఏ పద్దు కింద రాయాలో కోశాధికారే తేల్చుకోవాలి. వచ్చినావిడ ఎలాగూ కూర్చుంటుంది గనక, బతుకమ్మ పాటల నోటుబుక్కు కూడా ఆ పూటే తెరవొచ్చు.